నమ్మినవాళ్లే ముంచినప్పుడు ఏ తెలుగు బైబిల్ కొనాలి, ఏ పేజీ దగ్గర తెరవాలి

చిట్టీ డబ్బుతో మాయమైన బంధువు, ప్లాటు కాగితాల్లో మోసం చేసిన వాటాదారు, ఇంటి గుట్టు నలుగురిలో పెట్టిన స్నేహితురాలు, పెళ్లినాటి మాట తప్పిన మనిషి. ఎవరైతేనేం, నమ్మినవాళ్లు కొట్టిన దెబ్బ ఒక ఎత్తు, ఆ తర్వాత లోపల పేరుకునే చేదు ఇంకో ఎత్తు. ఆ చేదుతో సంఘానికి వచ్చిన విశ్వాసికి మొదట వినపడే మాట ‘వాక్యం చదవండి, ప్రార్థన చేయండి, క్షమించేయండి’. మాట సరైనదే. ఏ బైబిల్ చదవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, క్షమించడమంటే కూర్చుని చేసే పనేమిటి అన్నవి చెప్పేవాళ్లు తక్కువ. ఈ సమీక్ష ఆ ఒక్క అవసరం కోసం.

చూస్తున్నది బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా వారి పరిశుద్ధ గ్రంథము. మన సంఘాల్లో ‘ఓల్డ్ వర్షన్’ అనేది ఇదే. కొనడానికి హైదరాబాద్‌లో తేలికైన చోటు సికింద్రాబాద్ బైబిల్ హౌస్. రాణిగంజ్ వైపు వెళ్లే సిటీ బస్సుల్లో ఆ పేరుతోనే స్టాప్ ఉంది, కండక్టర్‌ని వేరే గుర్తులు అడగక్కర్లేదు. మా మాట ముందే చెప్పేస్తాం: చేదుతో పోరాడేవాళ్లు కాగితం మీద ఇదే కొనాలి, వాడుక భాషలో ఉన్న తర్జుమా ఒకటి ఫోన్‌లో పక్కన పెట్టుకోవాలి. ఎందుకంటే అప్పు, లెక్క, పత్రం లాంటి మాటల్ని ఈ పాత తర్జుమా చాలాచోట్ల మెత్తబరచలేదు. ప్రభువు ప్రార్థననే చూడండి. ‘మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము’ అంటుంది. ద్రోహం జరిగినవాళ్లకు ఆ ‘ఋణస్థులు’ అన్న మాట చాలా అవసరం. అవతలివాళ్లు నిజంగా బాకీ ఉన్నారని, అది మీ ఊహ కాదని ఆ మాట ఒప్పుకుంటుంది.

ముందు పుస్తకం సంగతి. కొట్లో అట్ట చూసి ఎంచుకోకండి. కీర్తన 55 తీసి, పుస్తకాన్ని మోచేయి దూరంలో పెట్టుకుని చదవండి. అక్షరం కోసం కళ్లు చికిలిస్తే ఆ సైజు వద్దు. ఇది మీరు రాత్రి నిద్రపట్టక, కళ్లు వాచి ఉన్నప్పుడు తెరిచే పుస్తకం. చేతిసంచిలో పట్టే చిన్న సైజు గుడికి తీసుకెళ్లడానికి బాగుంటుంది గానీ ఈ పనికి పనికిరాదు. తర్వాత పుస్తకాన్ని నడిమధ్యకు తెరిచి బల్లమీద వదిలేయండి. దానంతటది పరుచుకుని ఉంటే కుట్టు బాగున్నట్టు. మూసుకుపోతుంటే, పక్కన నోటుబుక్కు పెట్టుకుని రాసేటప్పుడు ఒక చెయ్యి పేజీ పట్టుకోవడానికే సరిపోతుంది. రిఫరెన్స్ ఉన్న ప్రతి, అంటే వచనం పక్కనే సంబంధమున్న వేరే వచనాల అంకెలు వేసినది, దొరికితే కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి, ఎందుకో కింద తెలుస్తుంది. జిప్ కవరు ఉన్నవాటిలో జిప్ పళ్లకు పేజీల మూలలు చిక్కి చిరుగుతాయి. విడి కవరు మేలు. కాగితం పలుచన కాబట్టి జెల్ పెన్ను వాడితే వెనక పేజీలోకి దిగుతుంది. మెత్తటి పెన్సిలే వాడండి. పెన్సిల్‌కు ఇంకో కారణం కూడా ఉంది, చివర్లో చెప్తాం.

ఇక లోపలి భాష. ఇక్కడ ఒక పెద్ద ఇబ్బంది ఉంది, చాలామంది దీని దగ్గరే తప్పిపోతారు. ఫోన్‌లో ఈ తర్జుమా తెరిచి ‘చేదు’ అని వెతికితే నిర్గమకాండము 15లో మారా నీళ్లు వస్తాయి, హెబ్రీ 12:15లో ‘చేదైన వేరు’ వస్తుంది. ఎఫెసీ 4:31 రాదు. అక్కడ గ్రీకులో ఉన్నది చేదు అన్న మాటే, మన తర్జుమా దాన్ని ‘సమస్తమైన ద్వేషము’ అన్నది. కొలొస్సయి 3:19లో భర్తలకు చెప్పినచోట అదే మూలం నుంచి వచ్చిన క్రియను ‘నిష్ఠురపెట్టకుడి’ అన్నారు. ఒకే కుదురు మాట మూడుచోట్ల మూడు రూపాల్లో ఉంది. దీనివల్ల ‘నాకు ఎవరిమీదా ద్వేషం లేదు, బాధ అంతే’ అనుకునేవాళ్లు ఎఫెసీ వచనం తమది కాదని దాటేస్తారు. ఆ పేజీ అంచున పెన్సిల్‌తో ‘చేదు’ అని రాసుకోండి. నిజానికి ఆ మూడు మాటలూ కలిపి చదివితే తెలుగువాడికి అర్థం బాగా తెలుస్తుంది. వేరులా భూమిలో ఉంటుంది, మొలిస్తే ద్వేషం, నోట్లోకి వస్తే నిష్ఠూరం. ఇంట్లో సంబంధంలేని పిల్లవాడి మీద, కోడలి మీద మాట జారుతోందంటే వేరు ఎక్కడిదో వెతకాల్సిందే. ‘అనేకులు అపవిత్రులై పోవుదురేమో’ అని హెబ్రీ పత్రిక హెచ్చరించేది ఇందుకే.

ఎక్కడ తెరవాలి? మత్తయి 18 దగ్గర కాదు. క్షమించమనే వచనంతో మొదలుపెట్టిన చదువు చాలాసార్లు మూడోరోజుకే ఆగిపోతుంది, ఎందుకంటే చెప్పుకోని బాధను క్షమించమంటే గొంతు పట్టేస్తుంది. కీర్తన 55తో మొదలుపెట్టండి. ఇరవైమూడు వచనాలు, పైకి చదివితే నాలుగైదు నిమిషాలు. తప్పకుండా పైకే చదవాలి. దూషించినవాడు శత్రువైతే సహించేవాణ్ణి అంటూ వచ్చి, పదమూడో వచనంలో హఠాత్తుగా అవతలి మనిషి వైపు తిరిగి ‘ఈ పనిచేసిన నీవు నా సహకారివి నా చెలికాడవు నా పరిచయుడవు’ అంటాడు. అప్పటిదాకా ‘వాడు’ అన్నది ఒక్కసారిగా ‘నీవు’ అయిపోతుంది. ఆ తర్వాతి వచనంలో ఇద్దరూ కలిసి దేవుని మందిరానికి వెళ్లిన రోజులు గుర్తుచేసుకుంటాడు. ఒకే సంఘంలో, ఒకే ప్రభు బల్ల దగ్గర నిలబడ్డ మనిషి చేతిలో మోసపోయినవాళ్లకు ఈ రెండు వచనాలు చదువుతుంటే గొంతు ఆగుతుంది. ఆగనివ్వండి. ఇరవయ్యొకటో వచనంలో వెన్నలాంటి నోటిమాటలు, ‘వరదీసిన కత్తులు’ వస్తాయి. వర అంటే కత్తి ఒర. ఈ తరం పిల్లలకు ఆ మాట తెలియకపోతే చెప్పండి. భారం యెహోవామీద మోపమనే ఇరవైరెండో వచనం గోడ క్యాలెండర్ల మీద అందరూ చూసిందే. క్యాలెండర్ మీద లేనిదల్లా దాని ముందున్న ఇరవైఒక్క వచనాలు. అవి చదివి దీని దగ్గరకు వస్తే భారం అంటే ఏ భారమో తెలుస్తుంది.

వారంపాటు రోజూ అదే కీర్తన. రెండో వారం 41, తర్వాత 109. నూటతొమ్మిదోది చాలామంది పాస్టర్లు బహిరంగంగా చదవడానికి జంకుతారు. అవతలివాడి రోజులు తగ్గాలని, ఉద్యోగం వేరొకడికి పోవాలని అడిగే కీర్తన అది. మా ఉద్దేశంలో దాన్ని దాచకూడదు. కడుపులో ఉన్న శాపం ఎటూ బయటకు వస్తుంది. వాట్సాప్ గ్రూపులో పెట్టేకన్నా దేవుడి ముందు పెట్టడం క్షేమం, ఆయన చేతిలో పెట్టాక దాన్ని అమలు చేసే పని మనది కాదు. రోమా 12:19లో ‘పగతీర్చుట నా పని’ అన్నది ఆ అప్పగింతకు రశీదు.

మూడో వారం నోటుబుక్కు. ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది: మొదటి కొరింథీ 13:5లో ప్రేమ ‘అపకారమును మనస్సులో ఉంచుకొనదు’ అని ఉంది కదా, గ్రీకులో అది లెక్క రాసుకోకపోవడమే కదా, మరి రాయడమేమిటి? జవాబు మత్తయి 18:23లో ఉంది. అక్కడి ఉపమానంలో రాజు తన దాసుడి అప్పు కొట్టేయడానికి ముందు ‘లెక్క చూచుకొన’గోరాడు. ఎంత బాకీయో తేలకుండా దేన్ని కొట్టేస్తారు? ‘పోనీలే, ఏదో అయిపోయింది’ అన్నవాళ్లు క్షమించింది ఏమీలేదు, లెక్క చూడ్డానికి భయపడ్డారు, అంతే. ఆరునెలల తర్వాత ఏ పెళ్లిలోనో ఆ మనిషి ఎదురైతే మొత్తం మళ్లీ మొదటికొస్తుంది.

లెక్క ఇలా రాయాలి. పేజీ మధ్యలో గీత. ఎడమవైపు పోయినవి, ఒక్కొక్కటి ఒక్కో వరసలో. డబ్బైతే అంకె వేయండి, ‘చాలా’ అని రాయొద్దు. పరువు, నిద్ర, పిల్లల ఫీజు కట్టలేక మార్చిన స్కూలు, ఆ మనిషిని నమ్మమని మీరు చెప్పినందుకు దూరమైన ఇంకో చుట్టం, అన్నీ రాయండి. కుడివైపు ఒక్కోదానికి ఎదురుగా మూడింటిలో ఒకటి: ‘అడగాలి’, ‘చట్టం ద్వారా రాబట్టాలి’, ‘తిరిగిరాదు’. క్షమాపణ అసలు జరిగేది మూడోరకం వరసల మీద. పోయిన నిద్రను ఏ కోర్టూ ఇప్పించలేదు, అవతలివాళ్లు ఏడ్చి కాళ్లమీద పడ్డా తిరిగివ్వలేరు. ఆ వరసల్ని ఒక్కొక్కటే పైకి చదివి, ‘ప్రభువా, ఈ బాకీ ఈ మనిషి దగ్గర నేను వసూలు చేయను’ అని కొట్టేయాలి. ఒక్కరోజులో అన్నీ చేయొద్దు, రోజుకు రెండు చాలు. కొలొస్సయి 2:14లో మనకు విరోధంగా ఉన్న పత్రాన్ని మేకులతో సిలువకు కొట్టిన సంగతి ఉంది. రిఫరెన్స్ బైబిల్ కొనమన్నది ఇలాంటిచోట్ల ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి తోవ దొరకడానికే.

ఇప్పుడు మత్తయి 18కి రండి. ఇక్కడ పాత తర్జుమాకు రెండు లోపాలున్నాయి. మొదటిది, ఎన్నిసార్లు క్షమించాలన్న పేతురు ప్రశ్నకు జవాబుగా ‘డెబ్బది ఏళ్ల మారులమట్టుకు’ అని ఉంటుంది. దీన్ని డెబ్బై సంవత్సరాలు అనుకునేవాళ్లు సంఘాల్లో ఇప్పటికీ ఉన్నారు. ఆ ‘ఏళ్లు’ సంవత్సరాలు కావు, ఎక్కంలో ఏళ్లు. ఏడేళ్లు నలభైతొమ్మిది అని బడిలో చదివామే, అదే. డెబ్బై ఏడులు, అంటే 490. జీవితాంతం ఒకరి తప్పు ఓర్చుకుంటూ పడి ఉండమని దీనర్థం కాదు. రెండోది, రాజు దాసుడికి కొట్టేసిన అప్పును ‘పదివేల తలాంతులు’ అని, ఆ దాసుడు తోటిదాసుడికి వదలని బాకీని ‘నూరు దేనారములు’ అని వదిలేశారు, విలువ చెప్పలేదు. మత్తయి 20:2 ప్రకారం దేనారం ఒకరోజు కూలి. తలాంతుకు సుమారు ఆరువేల దేనారాలు. హైదరాబాద్‌లో రోజుకూలి 800 అనుకుని లెక్కేయండి: నూరు దేనారాలు 80,000 రూపాయలు, పదివేల తలాంతులు 4,800 కోట్లు. ప్రసంగాల్లో ఆ నూరు దేనారాల్ని ‘చిల్లర’ అంటుంటారు. అది తప్పు. మూడునెలల పైచిలుకు కూలి ఏ ఇంట్లోనూ చిల్లర కాదు. మీకు జరిగిన నష్టం చిన్నదని యేసు అనలేదు. దాని పక్కన పెట్టి చూడమన్న రెండో అంకె అంత పెద్దది. రెండంకెలూ నోటుబుక్కులో ఒకదాని కింద ఒకటి రాసి చూస్తే ఆ ఉపమానం చెవితో విన్నప్పటికన్నా వేరుగా తగులుతుంది.

క్షమించాక మళ్లీ నమ్మాలా? దీనికి ఆదికాండము 37, తర్వాత 39 నుంచి 50 వరకు చదవండి. ఫోన్‌లో ఆడియో ఉంది. లింగంపల్లి నుంచి సికింద్రాబాద్ ఎంఎంటిఎస్‌లో వెళ్లివచ్చే వాళ్లకు రెండు ప్రయాణాలు పడుతుంది. యోసేపును పదిహేడో ఏట ఇరవై తులముల వెండికి అమ్మారు. ముప్ఫయ్యో ఏట ఫరో ముందు నిలబడ్డాడు. ఏడేళ్ల సమృద్ధి, రెండేళ్ల కరువు కలిపితే అన్నలకు తనెవరో చెప్పేసరికి 39, అంటే మధ్యలో 22 ఏళ్లు. పెద్దకొడుక్కి మనష్షే అని పేరుపెట్టి, దేవుడు నా బాధ మరపింపజేశాడన్నాడు. అయినా అన్నలు తమ తప్పు ఒప్పుకోవడం విని పక్కకు వెళ్లి ఏడ్చాడు. క్షమించాక కూడా కన్నీళ్లు వస్తే క్షమించనట్టు కాదని ఇంతకన్నా రుజువు ఏం కావాలి? ఇంకో సంగతి గమనించండి. వెంటనే కౌగిలించుకోలేదు. ధాన్యం ఇచ్చాడు, డబ్బు తిరిగి సంచుల్లో పెట్టించాడు, కానీ నమ్మకం ఇవ్వలేదు. తమ్ముడి సంచిలో వెండిగిన్నె పెట్టించి పరీక్ష చేశాడు. అమ్మేద్దామని అప్పుడు సలహా ఇచ్చిన యూదాయే, 44:33లో తమ్ముడి బదులు నన్ను దాసుడిగా ఉంచుకోండి అన్నాడు. ఆ తర్వాతే తలుపు తెరుచుకుంది. మేలు చేయడం, క్షమించడం, నమ్మడం మూడు వేర్వేరు పనులు, మూడింటికీ వేర్వేరు సమయాలు. పౌలు కూడా అలెక్సంద్రు అనే కంచరివాడి సంగతి ప్రభువుకు వదిలేసి, అదే ఊపిరితో తిమోతికి ‘జాగ్రత్తగా ఉండుము’ అని రాశాడు.

వచనాలు తప్పుగా వాడే చోట్లు కొన్ని ఉన్నాయి. మత్తయి 5:23 చూపించి, మోసపోయినవాళ్లనే వెళ్లి రాజీపడమంటారు. ఆ వచనం చదవండి: నీమీద నీ సహోదరుడికి విరోధం ఉంటే, అంటే తప్పు నీ వైపు ఉంటే వెళ్లమంటుంది. తప్పు అవతలివాడిదైతే చూడాల్సింది 18:15: ఒంటరిగా, ఆ తర్వాత ఒకరిద్దరితో, ఆ తర్వాత సంఘంతో. చేయి చేసుకునే మనిషి దగ్గరకు మాత్రం ఏ వచనం చెప్పినా ఒంటరిగా వెళ్లకూడదు. ఆడవాళ్లకు 181 హెల్ప్‌లైన్ ఉంది, ముందు అది. నెలల తరబడి నిద్ర, తిండి పోయి, బతకాలనిపించకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. కీర్తన చదవడం, ఫోన్ చేయడం ఒకదానికొకటి అడ్డు కాదు.

చట్టం సంగతికి వస్తే, క్షమించానని గడువులు పోగొట్టుకోకండి. చెక్కు బౌన్స్ అయితే బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందాక అవతలివాళ్లకు 15 రోజులు, ఆపైన నెలలోపు కోర్టులో ఫిర్యాదు. ‘ఉపవాస ప్రార్థన అయ్యాక చూద్దాం’ అంటూ ఆ 30 రోజులు దాటితే కేసు చేజారుతుంది. మోసానికి ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్, 2024 జులై 1 నుంచి పాత 420 స్థానంలో ఇదే. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930. రోమా 12 చివర పగతీర్చుకోవద్దన్న పౌలే, పేజీ తిప్పగానే 13:4లో అధికారుల్ని దేవుని పరిచారకులు అన్నాడు. విశ్వాసుల మధ్య తగాదా కోర్టుకెక్కకూడదని మొదటి కొరింథీ 6 చెప్తున్న మాట నిజమే. తీర్చగల పెద్దలుంటే ముందు వాళ్ల దగ్గరే కూర్చోండి. కానీ పెద్దల తీర్పు కోసం చూస్తున్నా నోటీసు గడువు ఆగదు, అది వాళ్లకూ చెప్పండి. నోటుబుక్కులో ‘చట్టం ద్వారా రాబట్టాలి’ అన్న వరసను కొట్టేయనక్కర్లేదు, పగతో కాకుండా నడపాలి అంతే.

కూడికలో ప్రార్థన అంశం ఇచ్చేటప్పుడు ఒక్క వాక్యం చాలు, పేరు వద్దు. ‘ఒకరిని క్షమించడానికి బలం కావాలి.’ ఇంకొంచెం చెప్తే ఆదివారానికల్లా కథ బోయిన్‌పల్లి నుంచి ఉప్పల్ దాకా వెళ్తుంది, అప్పుడు క్షమించాల్సినవాళ్ల జాబితా పెరుగుతుంది.

ఫోన్‌లో యూవెర్షన్ యాప్ ఉచితం. పాత తర్జుమాతోపాటు 2019 నాటి ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ కూడా తెలుగులో ఉంది. వాడుక భాషకు దగ్గర కాబట్టి ఇంగ్లీషు మీడియం పిల్లలకు, కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లకు అది చక్కగా అర్థమవుతుంది. రాత్రిపూట మాత్రం ఫోన్ వద్దంటాం. ఆ మనిషి స్టేటస్ ఒక్క వేలి దూరంలో ఉంటుంది. కతోలికులైతే వాళ్ల 73 పుస్తకాల బైబిల్లో సీరా పుత్రుడి జ్ఞానగ్రంథం అదనంగా దొరుకుతుంది. స్నేహితుల గురించి ఆరో అధ్యాయం, పగ గురించి ఇరవై ఏడు చివర నుంచి ఇరవై ఎనిమిది మొదటి వచనాలు ఈ పనికి చాలా బలం. మిగతావాళ్లూ అరువు తెచ్చుకుని చదవొచ్చు.

పెన్సిల్ ఎందుకన్నామంటే: మార్కు 11:25 తీయండి. ‘నిలువబడి ప్రార్థన చేయునప్పుడెల్లను’ అని ఉంది. ఒక్కసారి కాదు, ఎప్పుడెప్పుడైతే అప్పుడల్లా. ఆ మనిషి పేరు మళ్లీ లోపల లేచిన రోజున, కొట్టేసిన బాకీని మళ్లీ కొట్టేసి, ఆ వచనం పక్కన అంచులో చిన్నగా తేదీ వేయండి. మొదట్లో రోజూ పడుతుంది. తర్వాత వారానికోటి. ఒక పెళ్లి, ఒక చావు, ఆ ఫోన్ నంబరు నుంచి ఒక మిస్డ్ కాల్, మళ్లీ వరసగా నాలుగు తేదీలు. అంచు నిండితే రబ్బరుతో తుడిచి మళ్లీ పైనుంచి మొదలుపెట్టండి. కాగితం పలుచన కదా, మెల్లగా తుడవండి.